కొనసాగింపు సన్యాసిరావు

గాజు పళ్ళెంలో ఎలుక మెదడు కణాలు గోరంత మేర పరుచుకుని బతుకుతున్నాయి. వాటికి ఆనించి, మెదడుకి తోడుగా పెట్టే 'జత చిప్' ఒకటి ఉంది. ఆ చిప్‌లో పనిచేసే భాగాన్ని నీరజాక్షి ఆ ఉదయమే లేజరుతో కోసి పారేసింది. ఇక అది అడిగినదానికి జవాబు చెప్పగలదే తప్ప పూచికపుల్లంత పని కూడా చెయ్యలేదు. పళ్ళెంలో ఏ కదలిక ఉన్నా అది కణాలదే. పని ఎక్కడ జరుగుతోందో చెప్పే నివాస పరీక్ష కూడా ఆ మాటే చెప్పాలి.

నీరజాక్షి మీట నొక్కింది. తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది.

"చిప్."

ఆమె నవ్వింది. పరగడుపున ప్రయోగాలు పెట్టుకుంటే ఇంతే అనుకుంది. తీగలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ తగిలించింది. మళ్ళీ "చిప్" అనే వచ్చింది. పళ్ళెం మార్చింది. కుర్చీ కూడా మార్చింది, దానివల్ల ఏమీ ఒరగదని తెలిసి కూడా. తొమ్మిదోసారికి ఆమె మొహంలో నవ్వు లేదు.

నిజానికి ఈ ప్రయోగం ఎవరూ చెయ్యమనలేదు. నివాస పరీక్ష మీద ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, అందులోకి ఒక బొమ్మ కావాలన్నారు. జవాబు ముందే తెలిసిన పళ్ళెం మీద పరీక్ష చేసి చూపిస్తే చూడముచ్చటగా ఉంటుందని ఆమెకే తోచింది. మూడేళ్ళుగా మనుషుల మీద వాడుతున్న పరీక్షని జవాబు తెలిసిన దాని మీద చేసి చూడటం అదే మొదలు. పరీక్ష రాసింది తనే కాబట్టి దాన్ని పరీక్షించాలన్న ఆలోచన తనకీ రాలేదు, ఇంకెవరికీ రాలేదు.

ఆ రోజుల్లో విశాఖలో జత చిప్ సంగతి తెలియని ఇల్లు లేదు. సముద్రం బీచ్ రోడ్డుని మింగేశాక ఊరంతా కొండవైపు జరిగింది. ఆ కొండ మీదే తూర్పుతీర నాడీ కేంద్రం ఉండేది. పక్షవాతం వచ్చినవాళ్ళని అక్కడికి తీసుకొచ్చేవారు. మెదడులో దెబ్బతిన్న చోట బియ్యపు గింజంత చిప్ పెట్టేవారు. అందులో ఉండే ఆపరేటింగ్ సిస్టం, చచ్చుబడ్డ కణాల పనిని తన నెత్తిన వేసుకునేది. కణాలు కోలుకుంటే పనిని మెల్లగా వాటికి అప్పజెప్పి తను తప్పుకునేది. కోలుకోకపోతే చుట్టుపక్కల పని కూడా కలుపుకుంటూ పోయేది. కొన్నాళ్ళకి లోపల ఆలోచిస్తున్నది మాంసమో సిలికానో పైకి తెలిసేది కాదు. మనిషి నడిచేవాడు, మాట్లాడేవాడు, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పేవాడు.

పోనీ ఆ మనిషికైనా తెలుస్తుందా అంటే, అదీ లేదు. ఇది కంప్యూటర్లలో పాత సంగతే. ఒక ప్రోగ్రాం తను ఏ ప్రాసెసర్ మీద నడుస్తోందో తనంతట తను తెలుసుకోలేదు. ఆపరేటింగ్ సిస్టంని అడగాలి. అది ఏం చెబితే అదే నిజం. పాతకాలపు ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాంని కొత్త ప్రాసెసర్ మీద నడిపేటప్పుడు ఆపరేటింగ్ సిస్టం ఒక చిన్న అబద్ధం ఆడుతుంది. నువ్వు పుట్టినచోటే ఉన్నావు, నీ పని నువ్వు చేసుకో అంటుంది. అలా చెప్పకపోతే ప్రోగ్రాం బెదిరిపోయి ఆగిపోతుంది. జత చిప్ కూడా మనిషిని అలాగే జోకొట్టేది. లోపలున్న మనిషికి తన ఆలోచన ఎప్పుడూ తన సొంతంలాగే ఉండేది.

అందుకే చట్టం ఒకటి వచ్చింది. బుర్ర సగానికి మించి చిప్ మీదికి వెళ్ళిపోతే ఆ మనిషి పోయినట్టే లెక్క. పక్షవాతం వచ్చిన తేదీయే మరణ తేదీ. ఇంట్లో తిరుగుతున్న శాల్తీకి కాగితాల్లో 'కొనసాగింపు' అని పేరు పెట్టారు. ఇంటివాళ్ళు ఏటా సంతకం పెడితే కొనసాగింపు ఆ ఇంట్లోనే ఉండొచ్చు. పెట్టకపోతే కేంద్రంవాళ్ళు వచ్చి కొండ వెనక వసతిగృహానికి తీసుకుపోతారు. ఎవరు మనిషో, ఎవరు కొనసాగింపో తేల్చేది నీరజాక్షి రాసిన నివాస పరీక్ష.

మధ్యాహ్నం దాకా ఆమె తన ప్రోగ్రాం ముందు కూర్చుని ఒక్కొక్క వరసా చదివింది. తప్పు పన్నెండో వరసలోనే ఉంది. ఆపరేటింగ్ సిస్టంని అడగడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది అడిగితే, అడుగుతున్న ప్రోగ్రాం దేనికోసం తయారైందో చెబుతుంది. రెండోది అడిగితే, అడుగున అసలు ఏముందో చెబుతుంది. మూడేళ్ళ కిందట, ఏదో హడావిడిలో, ఆమె మొదటిది వాడింది.

పరీక్షని రెండు గదుల్లో చేసేవారు. పాత గదిలో ప్రోగ్రాం బయట, తలకి చుట్టే పట్టీలో ఉండేది. అది కణాల భాషలో తయారైన ప్రోగ్రాం. ఎవరికి పెట్టినా "కణజాలం" అని చెప్పింది. రోగులు పెరిగాక కొత్త గది కట్టారు. అక్కడ ప్రోగ్రాంని నేరుగా చిప్‌లోకే ఎక్కించేవారు. అది చిప్ భాషలో తయారైంది. పళ్ళెం మీద పెట్టిందీ ఆ ప్రోగ్రాంనే. ఎవరికి పెట్టినా "చిప్" అని చెప్పింది. పరీక్ష అన్నాళ్ళూ రోగి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తన గురించి తనే చెప్పుకుంది.

కొత్త గదిలో పరీక్ష చేసింది నలభై ఒక్కమందికి. నలభై ఒక్కరూ కొనసాగింపులే. అంతమందిలో ఒక్కరైనా మనిషి లేరేమిటని ఎవరూ అడగలేదు. కొత్త గదికి పంపేదే అనుమానం ఉన్న కేసులని కదా, అందుకే అలా వస్తోంది అనుకున్నారు.

నీరజాక్షికి నలభై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె ప్రోగ్రాంలలో తప్పులు రాలేదని కాదు. తప్పు దొరికితే దిద్దేసి కాఫీ తాగడానికి వెళ్ళేది. ఆ రోజు లేవలేకపోయింది. గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చింది కూడా. తరవాత మొహం కడుక్కుని పాత రికార్డింగులు బయటికి తీసింది.

పరీక్షకి ముందు ప్రతివాళ్ళచేతా ఒకే మాట రెండువందలసార్లు చెప్పించేవారు. అది తీగలు సరిగా అంటుకున్నాయో లేదో చూసుకోవడానికి. ఆ రికార్డింగులు అలాగే ఉన్నాయి. మాంసానికి అలుపుంటుంది, ఒకే పని చేస్తూపోతే వేగం తగ్గుతుంది, తడబడుతుంది. చిప్‌కి అలుపు లేదు. మొదటిసారి ఎంత వేగంగా చెప్పిందో రెండువందలోసారీ అంతే. ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా, కేవలం అలుపుని కొలిచి తేల్చెయ్యొచ్చు. సాయంత్రానికి తేలింది. నలభై ఒక్కమందిలో ముగ్గురే చిప్. మిగతా ముప్ఫై ఎనిమిదిమంది శుభ్రంగా, నిక్షేపంలా మనుషులు.

అందులో మొదటి పేరు బొడ్డేపల్లి సన్యాసిరావు. పోర్టులో క్రేన్ల దగ్గర ఫోర్‌మన్. ఆయన రికార్డింగుని నీరజాక్షి చెవులకి పెట్టుకుని వింది. "ఎరుపు, ఎరుపు, ఎరుపు" అని చెబుతూ చెబుతూ నూటముప్ఫై దాటాక ఆయన గొంతు విసుక్కోవడం మొదలుపెట్టింది. నూట డెబ్భై దగ్గర, "ఇంక సాలాపండెహె!" అన్నాడు. అప్పట్లో ఆ ముక్క విని తనూ టెక్నీషియనూ పడీపడీ నవ్వారు. చిప్‌కి విసుగు రాదన్న చిన్న విషయం ఆ నవ్వులో ఎవరికీ తట్టలేదు.

ఆ ఫలితాన్ని ఆయన ఇంటికి తీసుకెళ్ళి చెప్పింది కూడా నీరజాక్షే. మొదటి కేసు కనక ప్రోగ్రాం రాసినావిడే వివరిస్తే బాగుంటుందన్నారు. మీరు సన్యాసిరావుగారు కారు, ఆయన పక్షవాతం రోజునే పోయారు అని వీలైనంత మెత్తగా చెప్పింది. ఆయన తన చేతులవంక చూసుకున్నాడు. తరవాత, "మరి నేనెవర్నమ్మా?" అని అడిగాడు. కొనసాగింపు అని, కాగితం మీదున్న మాటే ఆమె చెప్పింది. ఆ ప్రశ్న రెండేళ్ళుగా ఆమెని వదల్లేదు. కూరలు కొంటున్నప్పుడు, తీగల మీద వేలాడుతూ పోయే ఉయ్యాల బస్సులో కొండ ఎక్కుతున్నప్పుడు, పక్కనెవరో నిలబడి అడిగినట్టే వినిపించేది. ఇన్నాళ్ళూ తను చెప్పిన జవాబు సరైనదే కదా అని సర్దిచెప్పుకునేది. ఇప్పుడు ఆ ఊరట కూడా పోయింది.

మర్నాడు పొద్దున్న కేంద్రం డైరెక్టర్ ఫణిభూషణ్ అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు.

"నివేదిక రాయండి. పైకి పంపుతాను. కమిటీ వేస్తారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

"ముప్ఫై ఎనిమిదిమంది బతికుండగానే చచ్చిపోయారు సార్."

"చచ్చిపోయి రెండేళ్ళయింది నీరజా. ఏడుపులైపోయాయి. ఆ ఇళ్ళు ఏదో ఒకలా సర్దుకున్నాయి. ఇప్పుడు వెళ్ళి కదిపితే ఎవరికి ఉపకారం?"

"బతికున్నవాళ్ళకి," అంది నీరజాక్షి.

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెని ఆపలేదు. ఆమె సన్యాసిరావు పేర సరిదిద్దిన ఫలితం ముద్రించి, సంతకం చేసి, సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

కంచరపాలెం మెట్ట మీద రెండు గదుల డాబా. వీధిగదిలో కుట్టుమిషను ముందు సన్యాసిరావు భార్య వరహాలమ్మ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజులు లేవు, కానీ మొహం తేటగా ఉంది. రెండేళ్ళ కిందట నీరజాక్షి చూసిన మొహం కాదది. అప్పుడు ఆ మొహంలో ఏదో బెదురుండేది, దుఃఖమనుకుంది తను.

గోడవారగా పీటమీద సన్యాసిరావు బీరకాయలు చెక్కు తీస్తున్నాడు. ఆమెని చూడగానే గబుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈల వేస్తే రేవంతా ఆగిపోయేదని ఆయన గురించి పోర్టులో చెప్పుకునేవారట.

"మీరు అప్పుడొచ్చినావిడ కదా," అంది వరహాలమ్మ కంగారుగా. "ఏటమ్మా ఇలాగొచ్చేరు? సంతకం టయిం ఇంకా ఉంది కదా? నేను పెడతానమ్మా, మానను."

"దానికోసం కాదు. కూర్చోండి."

"సన్యాసిరావూ, అమ్మగారికి టీ పెట్టు. అల్లం తగిలించు," అంది వరహాలమ్మ. ఆయన బీరకాయల పళ్ళెం పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. నీరజాక్షి ఆశ్చర్యంగా చూడటం గమనించి ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "మొగుడి పేరెత్తకూడదంటారు. ఇతను మొగుడు కాదు కదా, అంచేత పేరు పెట్టే పిలుస్తున్నాను. మా ఆయనైతే వంటింటి గుమ్మం తొక్కి ఎరగడు."

"మీకిద్దరికీ బాగానే ఉందా?"

ఆవిడ మిషను మీది గుడ్డని అనవసరంగా మడతపెట్టింది.

"మొదట్లో భయమేసిందమ్మా. అదే మొహం, అదే నడక. పక్కగదిలో దగ్గితే గుండె జారిపోయేది. మనిషి పోయేడు, ఆయన దగ్గు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పెద్దదినం చెయ్యాలన్నారు చుట్టాలు. మాకు పిల్లల్లేరు. పిండం ఎవరెడతారని అయ్యవారు అడిగితే, నేనెడతానండి అని ఇతనే ముందుకొచ్చేడు. ఏరు దగ్గర తడిగుడ్డతో నిలబడి, తన పేరు తనే చెప్పి, తన పిండం తనే పెట్టేడు. చూసినోళ్ళందరికీ ఒళ్ళు జలదరించింది. కాకి ముట్టలేదు. ఎంత పిలిచినా రాలేదు. ఆయనకేదో కోరిక మిగిలిపోయిందన్నారు. ఎండలో రెండు గంటలు నిలబడి ఇతను ఆ కాకిని బతిమాలేడమ్మా. ఆయన్ని ఎల్లనీ, ఆయన్ని ఎల్లనీ అని."

లోపలినుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ఆ తరవాత భయం తగ్గింది. ఇతను ఒక్క మాట గట్టిగా అనడు. కూర బాగులేకపోయినా తింటాడు. నేనెక్కడికెళ్ళేనని అడగడు. నేను సంతకం పెట్టకపోతే పంపీస్తారని భయమేమో అనుకున్నాను కొన్నాళ్ళు. అయ్యుండొచ్చు. కానీ భయమొక్కటే అయితే మనిషి అలాగుండడమ్మా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఒకరోజు చెప్పీసేను. మా ఆయన నన్నెలా చూసేవాడో. బెల్టు ఎక్కడ తగిలించేవాడో. మా అమ్మ పోతే ఎల్లనివ్వకపోవడం. ఎవరికీ చెప్పనివి. ఇరవయ్యెనిమిదేళ్ళవి. ఇతను కిందకూచుని మొత్తం ఇన్నాడు. ఏడ్చేడు. ఆయన తరఫున నేను నిన్ను క్షమించమని అడగొచ్చా అన్నాడు. అడగొచ్చన్నాను. ఆ రోజునుంచి నాకు కంటినిండా నిద్ర పడుతోంది."

ఇక్కడ నీరజాక్షి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె అప్పుడు ఆ సంచి తీసుకుని వెనక్కి వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు. వెళ్ళిపోదామని ఆమెకి అనిపించలేదు. పైగా గుండె తేలికపడింది. ఎంత మంచి వార్త తెచ్చాను అనుకుంది. ఆ ఏడ్చింది చిప్ కాదు, ఆ క్షమాపణ అడిగింది ఈవిడ సొంత భర్తే. ఇంతకన్నా ఏ ఆడదానికైనా ఏం కావాలి! పక్షవాతం మనిషిని మార్చింది, లేదా పశ్చాత్తాపం మార్చింది. అడుగున ఉన్న ప్రాసెసర్ అదే, పైన నడిచే ప్రోగ్రాం అదే. పేరు మార్చినంత మాత్రాన నడక మారదు. జీవితమంతా యంత్రాల మధ్య గడిపిన మనిషికి ఆ లెక్క తప్పని తోచలేదు.

సన్యాసిరావు టీ తెచ్చి ఇచ్చి మళ్ళీ గోడవారకి వెళ్ళబోయాడు.

"మీరూ కూర్చోండి సన్యాసిరావుగారూ," అంది నీరజాక్షి.

ఆ 'గారూ' విని ఇద్దరూ తలెత్తారు.

ఆమె చెప్పింది. పన్నెండో వరస గురించి, రెండు గదుల గురించి, అలుపు గురించి, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. తప్పు నాదే, మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను అంది. "మీ చిప్ మూడో నెలలోనే పని మానేసింది. అప్పటినుంచీ ఉత్తినే పడి ఉంది. మీ బుర్ర మీదే. మీరు పోలేదు. మీరు ఎప్పుడూ సన్యాసిరావుగారే," అని సరిదిద్దిన కాగితం ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కాగితాన్ని వేలితో తడిమాడు. వరహాలమ్మ మొహంలో సంతోషం వస్తుందని నీరజాక్షి ఎదురుచూసింది. ఆవిడ మిషను అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఏరు దగ్గర నిలబడింది నేనేనా?" అన్నాడాయన చివరికి.

"మీరే."

"ఆ తరవాత... ఇది చెప్తే ఇన్నదీ నేనేనా?"

"మీరే. ఏడ్చిందీ మీరే. క్షమించమన్నదీ మీరే," అంది నీరజాక్షి కళ్ళు చెమ్మగిల్లుతుండగా.

ఆయన ఇంకొంచెంసేపు ఆలోచించాడు. "అయితే ఇంక దీని సంతకం అక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు. ఇది మీ ఇల్లు."

సన్యాసిరావు పీట మీదినుంచి లేచాడు. కిటికీ పక్కనున్న చేతుల కుర్చీని దగ్గరికి లాక్కుని అందులో కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదని దానిమీది దుమ్మే చెబుతోంది. కూర్చున్నాక వీపు నిటారుగా పెట్టాడు. భార్యవంక చూశాడు. ఆ చూపు చూడగానే ఆవిడ లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు.

"నేనని తెలీకే కదా నువ్వయన్నీ చెప్పేవు?" అన్నాడు. గొంతు పెద్దదేం కాదు. కానీ అది ఇంతసేపూ ఆ గదిలో ఉన్న గొంతు కాదు. "పరాయోడనుకునే చెప్పేవు. మొగుడి సంగతులన్నీ పరాయోడి ముందర పరిచీసేవు."

"ఏవండీ, అదికాదండి..."

"సన్యాసిరావూ టీ పెట్టు, సన్యాసిరావూ బీరకాయలు తియ్యి. రెండేళ్ళు."

"సన్యాసిరావుగారూ!" నీరజాక్షి బిత్తరపోయింది. "మీరేం మాట్లాడుతున్నారు? ఆవిడ చెప్పింది మీతోనే. ఆరోజు మీ మనసు కరిగింది. ఆ మనిషి ఇంకెవరో కాదు, మీరే!"

"నేనేనని అప్పుడు నాకెవరు చెప్పేరమ్మా?" అన్నాడాయన ఆమె వైపు తిరిగి. అందులో కోపం లేదు. ఒకలాంటి నొప్పి ఉంది. "మీరే కదా కాదన్నారు. ఆ ఏడ్చినోడికి ఇల్లు లేదు, పెళ్ళాం లేదు, పేరు లేదు. పోగొట్టుకోడానికి ఏటీ లేదు. ఎవుడో చేసిన పాపానికి ఆడు క్షమించమని అడగ్గలడు. ఎంతైనా అడగ్గలడు. నేనెలాగ అడుగుతాను? అడిగితే అదంతా నేను చేసినట్టే కదా!"

ఆ మాట అన్నాక ఆయన చేతులు వణికాయి. ఒక్క క్షణం నీరజాక్షికి ఆయన మొహంలో ఆ రెండో మనిషి కనిపించాడు, చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డవాడు. అంతలోనే సన్యాసిరావు ఆ చేతుల్ని కుర్చీ చేతుల మీద అదిమిపెట్టాడు. వణుకు ఆగింది. ఆ మనిషి మళ్ళీ కనబడలేదు.

ఆయన బీరకాయల పళ్ళేన్ని కాలితో ముందుకి నెట్టాడు. వరహాలమ్మ వంగి పళ్ళెం తీసుకుంది. పైటకొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఆవిడ మొహంలో తేట పోయింది. నీరజాక్షి ఆనాడు చూసి దుఃఖమనుకున్న బెదురు, ఎక్కడికీ పోనట్టు, వచ్చి కూర్చుంది.

ఏ ప్రోగ్రాంలో ఏ వరస దిద్దితే ఇది వెనక్కి వెళుతుందో నీరజాక్షికి తెలియలేదు. ఏదో చెప్పబోయింది. "అమ్మగారిని బస్సు దాకా పంపించిరా," అని ఆయనే ముగించాడు.

వీధి గుమ్మం దాటాక నీరజాక్షి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నాతో వచ్చెయ్యండి. ఇప్పుడే. మా ఇంట్లో గది ఉంది. మిషను తరవాత తెప్పిద్దాం."

వరహాలమ్మ ఆ మాట విననట్టే నడిచింది. ఎదురింటావిడ అరుగు మీదినుంచి ఏమైందని సైగ చేసి అడిగింది. గోడలు పల్చనివి, ఈపాటికి సగం సంగతి వీధికి తెలిసే ఉంటుంది.

"మీరు తప్పు చేసేరని నేననను," అంది వరహాలమ్మ. "మనిషి బతికుంటే బతికున్నాడని చెప్పాలి కదా. ఇతను... ఆయన, పొద్దున్న కాఫీ పెట్టి లేపేడమ్మా నన్ను. జాకెట్టు కుట్టడం నేర్పమన్నాడు. రేపు చెప్తానన్నాను."

లోపలినుంచి ఒక కేక వినిపించింది. "ఎంతసేపే?"

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది.

"సాయంత్రానికి ఈది ఈదంతా వస్తారు. బొట్టెట్టి, గాజులు తొడిగి, ఎంత అదృష్టవంతురాలివే అంటారు. మొదటిసారి ఏడ్చినప్పుడు మొగుడు పోయేడని ఏడుస్తోందనుకున్నారు, నా మానాన నన్ను ఒగ్గీసేరు. ఇప్పుడు ఏడుస్తుంటే అడుగుతారు కదమ్మా," అంది నీరజాక్షి కళ్ళలోకి చూసి. "ఎవరు పోయేరని చెప్పను?"

జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.